తలసేమియా పిల్లల తల్లులు ఒకరికొకరు తోడుగా: జట్టు ఎలా కట్టాలి, ఎలా నడపాలి

తలసేమియా మేజర్ అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. అది ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రక్తంతో ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తగ్గించే మందు రోజూ పడాలి. జీవితమంతా ఇదే వరుస. హిమోగ్లోబిన్ ఎంత ఉండాలో, మందు ఎంత వేయాలో డాక్టరు చెబుతారు. మే నెలలో రక్తం దొరక్కపోతే ఎవరికి ఫోన్ చేయాలి, మాత్ర కరిగించిన నీళ్లు తాగనని బిడ్డ మొండికేస్తే ఏం చేయాలి, "ఇది మీ పుట్టింటి రక్తం" అని అత్తగారు అంటే ఏమని బదులివ్వాలి అన్నవి మాత్రం పక్క మంచం దగ్గర కూర్చున్న తల్లికే బాగా తెలుసు. ఆ తెలివి మాటవరసకు చెప్పుకునే ముచ్చట్లలో పోకుండా, కొత్తగా వచ్చే ప్రతి తల్లికీ అందాలంటే చిన్న ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు చేయాలనుకునే తల్లుల కోసం, వాళ్లకు సాయపడే సిస్టర్లు, కౌన్సెలర్ల కోసం ఇది రాస్తున్నాం.

జట్టు మందు మోతాదు చెప్పదు. ఎవరికీ, ఎప్పుడూ. ఈ ఒక్క గీత ముందే గీసుకుంటే మిగతావన్నీ దాని చుట్టూ కుదురుకుంటాయి. కారణం కింద వివరంగా ఉంది.

1. రక్తం ఎక్కించే రోజే, అక్కడే మొదలుపెట్టండి

ఆదివారం ఫలానా హాలులో మీటింగ్ అని పెడితే మొదటిసారి పదిమంది వస్తారు, మూడోసారికి ఇద్దరు మిగులుతారు. వికారాబాద్ నుంచో సూర్యాపేట నుంచో బస్సెక్కి వచ్చే తల్లికి నెలలో ఇంకొక ప్రయాణం, ఇంకొక రోజు కూలి పోగొట్టుకోవడం కుదిరే పని కాదు. రక్తం ఎక్కడానికి ఎలాగూ మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆ సమయాన్నే వాడుకోండి.

మీ బిడ్డకు రక్తం ఎక్కించే వారానికే వచ్చే తల్లులను గమనించండి. నలుగురైదుగురు చాలు. ఎనిమిది మంది దాటితే ఒకరిద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు వింటూ కూర్చుంటారు. అప్పుడు దాన్ని రెండు జట్లు చేయండి, వారం మార్చి పెట్టుకోండి.

రక్తం ఎక్కించే వార్డు (డే కేర్) సిస్టర్ ఇన్‌చార్జిని, కౌన్సెలర్ ఉంటే వాళ్లను ముందే కలిసి అనుమతి అడగండి. అడిగేటప్పుడు మూడు సంగతులు స్పష్టంగా చెప్పండి: మందుల మోతాదు గురించి సలహాలు ఇవ్వం, డబ్బు వసూలు చేయం, మంచాల చుట్టూ గుంపు కట్టం. ఆసుపత్రి వాళ్లకు సాధారణంగా ఉండే మూడు భయాలూ ఇవే. వరండాలో ఒక మూల, నాలుగు కుర్చీలు, ఒక గంట అడిగితే కాదనేవాళ్లు తక్కువ. బిడ్డ చేతికి సూది ఉన్నంతసేపూ ఎవరో ఒకరు పక్కన ఉండాలి. అందుకే తల్లులు సగం సగంగా వంతులు వేసుకుని కూర్చోవడం మేలు: ముగ్గురు మాట్లాడుకుంటుంటే ఇద్దరు పిల్లలను చూసుకుంటారు.

జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు ఆ రోజు కూర్చోరు. ఇందులో మొహమాటం పనికిరాదు.

2. ఇద్దరు ముందుండాలి, ఒక్కరు కాదు

ఒకే తల్లి మీద అంతా పడితే ఏడాదిలో ఆమె అలసిపోతుంది, జట్టూ ఆగిపోతుంది. ఇద్దరిని ఎంచుకోండి. ఒకరు బిడ్డకు ఎనిమిదేళ్లో పదేళ్లో దాటిన తల్లి, స్కూలు దాకా అన్నీ చూసినామె. ఇంకొకరు జబ్బు తెలిసి రెండేళ్లయినామె, మొదటి రోజుల గుబులు ఇంకా మరిచిపోనిది. బాగా చదువుకున్నవాళ్లే ఉండాలని లేదు. ఎదుటివాళ్లు చెబుతుంటే మధ్యలో తన కథ ఎత్తుకోని మనిషి కావాలి. ఆ గుణం ఉన్నవాళ్లను రెండు మూడుసార్లు గమనిస్తే పసిగట్టవచ్చు.

హైదరాబాద్ డే కేర్లలో తెలుగు, ఉర్దూ, హిందీ, లంబాడీ మాట్లాడే తల్లులు పక్కపక్కనే ఉంటారు. ఇద్దరిలో ఒకరికి రెండు భాషలు వస్తే మంచిది. ఫోన్‌లో కూడా రాతకన్నా గొంతుతో పంపే సందేశం ఎక్కువ మందికి అందుతుంది.

3. మొదటి కూడిక ఎలా సాగాలి

ముప్పావు గంట చాలు. పిల్లల చెవిన పడని చోటు చూసుకోండి. ఆరేళ్లు దాటిన పిల్లలు మనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ వింటారు.

మొదటి అయిదు నిమిషాలు నియమాలు చెప్పండి. ఇక్కడ విన్నది బయట చెప్పం, భర్తకూ చెప్పం. ఒకరి బిడ్డను ఇంకొకరి బిడ్డతో పోల్చం. అడిగితేనే సలహా. ఏడుపు వస్తే ఏడవనిద్దాం, ఊరుకోబెట్టడానికి తొందరపడం. తర్వాత ఒక్కొక్కరికీ అయిదారు నిమిషాలు. "ఈ మూడు వారాల్లో మీకు కష్టమనిపించింది ఏమిటి?" అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెడితే చాలు. పేరు, ఊరు, బిడ్డ వయసు, రిపోర్టులతో మొదలుపెడితే మాట అక్కడే తిరుగుతుంది. ఎవరైనా మాట్లాడనంటే వదిలేయండి. రెండు మూడు కూడికలు ఊరికే కూర్చుని, ఆ తర్వాత నోరు విప్పేవాళ్లు ఉంటారు.

చివరి పది నిమిషాలు పనికొచ్చే సంగతులకు: ఏ బ్లడ్ సెంటర్లో రక్తం ఉంది, ఒంట్లో ఐరన్ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్షకు ఏ రోజు రద్దీ తక్కువ, ఏ సర్టిఫికెట్‌కు ఏం అడుగుతున్నారు.

4. కొత్తగా వచ్చిన తల్లి

జట్టుకు అసలు పరీక్ష ఇక్కడే. జబ్బు పేరు మొన్ననే విన్న తల్లి చెవికి సగం మాటలు ఎక్కవు. ఆమె దగ్గరికి ఒక్కరే వెళ్లండి, నలుగురు చుట్టుముట్టవద్దు. వెళ్లేముందు కౌన్సెలర్ ద్వారానో సిస్టర్ ద్వారానో "మాట్లాడతారా" అని అడిగించండి.

మొదట అడగాల్సింది ఆమె గురించి: "పొద్దున ఏమైనా తిన్నారా?" ఆ తర్వాత, "మా వాడికీ ఇదే. ఇప్పుడు నాలుగో తరగతి" అన్న ఒక్క మాట, పక్కనే ఆడుకుంటున్న మీ బిడ్డను చూపించడం. ఆ రోజుకు అదే పెద్ద మందు. పది నిమిషాలు మించవద్దు. మీ నంబరు ఇవ్వండి, ఆమెది అడిగి తీసుకోండి, రెండు రోజుల్లోపు మీరే ఫోన్ చేయండి. మనంతట మనం చేయాలి, ఎందుకంటే మొదటి నెలలో చాలామంది తమంతట తాము చేయలేరు.

ఆ మొదటి మాటల్లో వద్దనుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. "ఏం కాదు, అంతా బాగైపోతుంది" అనవద్దు, అది నిజం కాదని ఆమెకు పది రోజుల్లో తెలుస్తుంది, ఆపైన మీ మాట నమ్మదు. చనిపోయిన పిల్లల సంగతి ఎత్తవద్దు. బోన్ మ్యారో మార్పిడి గురించి మొదటి రోజే చెప్పవద్దు. మీరిద్దరూ మేనరికమా అని అడగనే వద్దు. ఆ ప్రశ్న ఆమెను ఇప్పటికే పదిమంది అడిగి ఉంటారు.

ఒక్క హెచ్చరిక మాత్రం తొలి వారంలోనే అందాలి: ఊళ్లో ఆర్‌ఎంపీ "రక్తం తక్కువ ఉంది" అని ఐరన్ టానిక్ రాస్తే పట్టించవద్దు. మామూలు రక్తహీనతకు అది మందు, తలసేమియా బిడ్డకు ఎదురు చేటు. ఎక్కించే ప్రతి యూనిట్ రక్తంతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటకు పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది.

5. వాట్సాప్ గ్రూపు

రెండు గ్రూపులు పెట్టండి. ఒకటి కబుర్లకు, ఇంకొకటి కేవలం ప్రకటనలకు. ప్రకటనల గ్రూపులో అడ్మిన్లే రాసేలా సెట్ చేయండి: రక్తం నిల్వ, సెలవులు, క్యాంపులు. ఒకే గ్రూపు ఉంటే శుభోదయం బొమ్మల మధ్య "రేపు డే కేర్ బంద్" అన్న ముఖ్యమైన మాట కనబడకుండా పోతుంది.

చాలా ఇళ్లలో ఫోన్ భర్తదో ఇంట్లో అందరిదో. అత్తింటి గొడవలు, ఒంటరితనం, రెండో కాన్పు సంగతులు గ్రూపులో రాయవద్దని ముందే చెప్పండి. అవి ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేవి. రిపోర్టు ఫొటో పెట్టాల్సి వస్తే పేరు, ఆసుపత్రి నంబరు మూసేసి పెట్టాలి. ఆడపిల్లల తల్లులు ఈ విషయంలో ఎక్కువ భయపడతారు, ఆ భయానికి కారణం ఉంది.

గ్రూపులోకి ఎలాగోలా దూరేవాళ్లు ఉంటారు: ఆకు పసరుతో నయం చేస్తామనేవాళ్లు, గోధుమ గడ్డి రసంతో రక్తం అక్కర్లేదనేవాళ్లు, మార్పిడి ఆసుపత్రులకు మనుషులను చేర్చే ఏజెంట్లు. సభ్యులు కాని నంబర్లను చేర్చే అధికారం ఇద్దరు అడ్మిన్ల దగ్గరే ఉంచండి. అలాంటి సందేశం వస్తే తీసేసి, పంపిన తల్లితో విడిగా మాట్లాడండి. అందరి ముందు తప్పుపడితే ఆమె ఆ మందు మానదు, మనకు చెప్పడం మానేస్తుంది.

6. మోతాదు ఎందుకు చెప్పుకోకూడదు

"మీ పాపకు ఎన్ని మాత్రలు వేస్తున్నారు?" అన్న ప్రశ్న ఎంతో మామూలుగా వస్తుంది. ఐరన్ తగ్గించే మందు డెఫెరాసిరాక్స్ ఒకే పేరుతో రెండు రకాలుగా దొరుకుతుంది: నీళ్లలో కరిగించి తాగించేది, పూతతో మింగేది. రెండింటి మోతాదు ఒకటి కాదు, పూత మాత్ర తక్కువే సరిపోతుంది. పక్క బిడ్డ లెక్క చూసి వేస్తే ఎక్కువైనా పడుతుంది, తక్కువైనా పడుతుంది. బరువు, ఫెర్రిటిన్, మూత్రపిండాల పరీక్ష, కాలేయ పరీక్ష చూసి డాక్టరు లెక్కగడతారు. మిగిలిపోయిన మాత్రలు ఒకరికొకరు ఇచ్చుకోవడం కూడా ఇందుకే వద్దు.

ఫెర్రిటిన్ పోటీ అంతకన్నా చేటు. ఆ అంకె ఐరన్ వల్లే కాదు, జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఒక్క రిపోర్టు చూసి "మీరు మందు సరిగ్గా వేయడం లేదు" అని తల్లిని అనడం అన్యాయం. మూడు నెలలకోసారి చేయించిన వరుస రిపోర్టులను డాక్టరు కలిపి చూస్తేనే అర్థం.

మందు తాగించే ఉపాయాలు మాత్రం ఎన్నైనా పంచుకోండి. కరిగించే మాత్రను గ్లాసు నీళ్లలో పూర్తిగా కలిసేదాకా తిప్పి, పరగడుపున, తినడానికి అరగంట ముందు రోజూ ఒకే వేళకు ఇవ్వడం, అడుగున మిగిలిన పొడికి ఇంకొంచెం నీళ్లు పోసి అదీ తాగించడం, నీళ్లకు బదులు యాపిల్ రసంలో కలపడం. రాత్రి పంపుతో, సూది ద్వారా ఐరన్ తగ్గించే మందు డెస్ఫెరాల్ ఎక్కించే పిల్లలుంటే సూది చోటు రోజుకొకటి మార్చడం, గడ్డ కట్టినచోట మళ్లీ గుచ్చకపోవడం. ఇవి తల్లుల దగ్గరే నేర్చుకోవాలి.

7. మాట్లాడుకోవడం ఆపి పరుగెత్తాల్సిన సమయాలు

ఈ నాలుగూ ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి అందరి ఫైళ్లలో ఉంచండి. గ్రూపులో ఎవరైనా వీటిలో ఏదైనా రాస్తే ఒక్కటే జవాబు: వెంటనే ఆసుపత్రి.

- రక్తం ఎక్కుతుండగా గాని, ఇంటికి వచ్చాక గాని చలి, వణుకు, జ్వరం, దద్దుర్లు, ఆయాసం, నడుంనొప్పి, ఎర్రగా లేదా నల్లగా మూత్రం. డే కేర్‌లో ఉంటే ఆ క్షణమే సిస్టరును పిలవాలి.
- ఐరన్ తగ్గించే ఇంకొక మాత్ర డెఫెరిప్రోన్ వాడుతున్న బిడ్డకు జ్వరం లేదా గొంతునొప్పి. తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయి ఉండవచ్చు. ఆ మాత్ర ఆపి అదే రోజు డాక్టరుకు చూపించి రక్తకణాల లెక్క పరీక్ష (సీబీసీ) చేయించాలి.
- ప్లీహం తీసేసిన బిడ్డకు ఎంత చిన్న జ్వరమైనా సరే.
- వాంతులు, విరేచనాలతో బిడ్డ సోలిపోవడం. డెఫెరాసిరాక్స్ వేస్తుంటే ఆ పూట వేయాలా వద్దా డాక్టరును అడగాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

8. ఫైలు, నోటుబుక్కు

కొత్త తల్లికి జట్టు ఇవ్వగల ఉత్తమ కానుక రెండు వందల పేజీల నోటుబుక్కు, అందులో గీతలు గీసి ఇచ్చిన మొదటి పేజీ. తేదీ, బరువు, ఎక్కించే ముందు హిమోగ్లోబిన్, ఎన్ని మిల్లీలీటర్లు, బ్యాగు నంబరు, ఏమైనా రియాక్షన్ వచ్చిందా. వెనుక నుంచి ఫెర్రిటిన్, ఎత్తు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షల తేదీలు. ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9 నుంచి 10.5 మధ్య ఉండేలా చూడాలన్నది చికిత్సలో సాధారణ లక్ష్యం. పుస్తకంలో అది ప్రతిసారీ 7 దగ్గర కనిపిస్తే, తేదీలు దగ్గరికి జరపాలా అని తల్లి డాక్టరును అడగగలుగుతుంది. చదవడం రాని తల్లికి ఆ రోజు పక్కనున్నవాళ్లు రాసిపెట్టాలి.

9. రక్తం లెక్క ముందే వేసుకోండి

ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాలేజీలు మూతపడి క్యాంపులు తగ్గుతాయి. అప్పుడు వెతకడం మొదలుపెడితే దొరకదు. చిన్న బిడ్డకు మూడు వారాలకో బ్యాగు అంటే ఏడాదికి 17. బరువు 30 కిలోలకు చేరి రెండేసి పడుతుంటే దాదాపు 35. మన దేశ నియమాల ప్రకారం మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చు. వయసు 18 దాటాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. లెక్కప్రకారం ఒక మగమనిషి ఏడాదికి నాలుగుసార్లు ఇవ్వగలిగినా, పెళ్లిళ్లు, జ్వరాలు, ఊళ్లకు వెళ్లడాలు పోను రెండుసార్లు వస్తే గొప్ప. అంటే చిన్న బిడ్డకు కూడా కనీసం ఎనిమిది తొమ్మిది మంది దాతల పేర్లు చేతిలో ఉండాలి.

జట్టుగా ఉమ్మడి జాబితా పెట్టుకోండి: పేరు, గ్రూపు, ఊరు, చివరిసారి ఇచ్చిన తేదీ. జనవరి, ఫిబ్రవరిల్లోనే యువజన సంఘాలను, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లను కలిసి మే నెలకు ఒక క్యాంపు తేదీ ఖాయం చేయించండి. ఏ బ్లడ్ సెంటర్లో ఎంత నిల్వ ఉందో ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-రక్త్‌కోష్‌లో చూడవచ్చు. తల్లిదండ్రులు, తోబుట్టువులు బిడ్డకు నేరుగా రక్తం ఇచ్చేముందు డాక్టరును అడగాలి. రేపు మార్పిడికి వాళ్లలో ఎవరైనా దాత కావాల్సివస్తే అది అడ్డంకి కావచ్చు. డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే పద్ధతిని మన దేశంలో 1998లోనే నిషేధించారు. ఎంత అవసరమున్నా ఆ దారికి వెళ్లవద్దు, ఆ రక్తంతో జబ్బులొచ్చే భయం ఎక్కువ.

రక్తం కావాలని పెట్టే సందేశంలో బిడ్డ ఫొటో వద్దు. గ్రూపు, యూనిట్లు, ఆసుపత్రి, తేదీ, ఒక ఫోన్ నంబరు చాలు. పని అయిపోగానే "రక్తం దొరికింది" అని మళ్లీ పంపండి, లేకపోతే ఆ సందేశం ఏడాదిపాటు తిరుగుతూనే ఉంటుంది.

10. నింద

తలసేమియా మేజర్ రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు అందాలి. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండా అలాంటి జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ కావడానికి 50 శాతం, ఏదీ లేకపోవడానికి 25 శాతం. అంటే ఇందులో తల్లి పాలు ఎంతో తండ్రి పాలూ సరిగ్గా అంతే. అయినా మాటలు పడేది తల్లే. పుట్టింటికి పంపేయడం, రెండో పెళ్లి మాట ఎత్తడం కూడా జరుగుతున్నాయి.

ఓదార్పు కన్నా కాగితం ఇక్కడ బాగా పనిచేస్తుంది. భార్యాభర్తల హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు చూపే పరీక్ష) రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టి, అందులో హెచ్‌బీఏ2 అనే రకం అంకె ఇద్దరిలోనూ ఎక్కువగా ఉన్నచోట గీత గీసి చూపించమని డాక్టరునో కౌన్సెలర్‌నో అడగండి. క్యారియర్లలో అది సాధారణంగా 3.5 శాతం దాటి ఉంటుంది. ఆరు నెలలకోసారి తండ్రులకు, అమ్మమ్మ నాయనమ్మలకు విడిగా ఒక కూడిక పెట్టండి. అందులో మాట్లాడాల్సింది డాక్టరు, ఇంకొక తండ్రి. కోడళ్లు చెబితే వినని నాయనమ్మ ఇంకొక నాయనమ్మ చెబితే వింటుంది.

మళ్లీ బిడ్డ కావాలనుకునేవాళ్లకు ఒక్క సంగతి ఆలస్యం కాకుండా చేరాలి: నెల తప్పగానే ఆసుపత్రికి చెప్పాలి. కడుపులో బిడ్డకు జబ్బుందో లేదో తెలిపే సీవీఎస్ పరీక్ష 11వ వారం దగ్గర చేస్తారు. అంతకుముందే భార్యాభర్తల జన్యు పరీక్ష రిపోర్టు సిద్ధంగా ఉండాలి. అయిదో నెలలో చెబితే సమయం చాలా తక్కువ మిగులుతుంది. ఆ రిపోర్టు చూశాక ఏ నిర్ణయం తీసుకోవాలన్నది ఆ దంపతులది. జట్టులో ఎవరూ ఇటూ అటూ నెట్టకూడదు, ఏ నిర్ణయం తీసుకున్నా తప్పుపట్టకూడదు.

కాగితాల పని కూడా కలిసి చేస్తే తేలిక. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా ఉంది, కాబట్టి యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేయవచ్చు. చికిత్సకు వెళ్లే ప్రయాణానికి రైలు చార్జీలో రాయితీ ఉంది. జబ్బులేని తోబుట్టువుతో పూర్తిగా సరిపోలితే మార్పిడికి కోల్ ఇండియా 2017 నుంచి తలసేమియా బాల సేవా యోజన కింద 10 లక్షల దాకా ఇస్తోంది, అర్హత షరతులు ఆసుపత్రిలో అడగాలి. ఒకరు సాధించిన కాగితం నమూనాను పేరు మూసేసి అందరికీ పంపండి.

11. తల్లి కుంగిపోతుంటే

అలసట వేరు, కుంగుబాటు వేరు. రెండు వారాలుగా దేనిమీదా మనసు లేదు, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు అంటే మాటలతో సరిపెట్టవద్దు, ఆసుపత్రిలో చూపించండి. "వాడితోపాటే నేనూ పోతే బాగుండు" అన్న మాట విన్నప్పుడు సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా అక్కా?" అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలవద్దు, అక్కడే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉండి ఫోన్ చేసిందంటే టెలీ-మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో కొడుతున్నారంటే 181. ఈ విషయంలో మాత్రం రహస్యం నియమం వర్తించదు. అది కూడా మొదటి కూడికలోనే చెప్పి ఉంచాలి.

12. ఒక బిడ్డ దూరమైనప్పుడు

ఇది రాకూడదనుకుంటాం. వస్తుంది. వార్త ఎవరు చెప్పాలో ముందే అనుకోండి: ముందుండే ఇద్దరిలో ఒకరు, ఒక్కొక్కరికి ఫోన్‌లో. గ్రూపులో బిడ్డ ఫొటో, దండ, వరసగా చేతులు జోడించే బొమ్మలు వద్దు. పదేళ్ల పిల్లలు తల్లి ఫోన్ చూస్తారు. తనకూ అదే జబ్బని వాళ్లకు తెలుసు. పిల్లలు అడిగితే అబద్ధం చెప్పకుండా ఏమనాలో కౌన్సెలర్ సాయంతో అందరూ ఒకే మాట అనుకోవాలి.

ఆ తల్లిని గ్రూపు నుంచి తీసేయవద్దు. కొన్ని వారాలయ్యాక ఇద్దరు ఇంటికి వెళ్లి, ఉండాలనుందా, కొన్నాళ్లు ఆగాలనుందా అని ఆమెనే అడగండి. బిడ్డ పేరు పలకడానికి భయపడకండి. చాలామంది తల్లులకు ఆ పేరు వినాలనే ఉంటుంది.

13. బాధ్యత చేతులు మారాలి

ముందుండే ఇద్దరూ ఫోన్ ఎత్తే వేళలు ప్రకటించాలి, పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆ తర్వాత వచ్చే అత్యవసరం ఆసుపత్రికే గాని జట్టుకు కాదు, 108కి చేయాలి. నెలకోసారి ఆ ఇద్దరూ తమ మధ్య అరగంట మాట్లాడుకోవాలి, వాళ్ల మనసులో పేరుకున్నదీ దించుకోవాలి కదా. ఆరు నెలలకు ఒకరు, ఏడాదికి ఇంకొకరు మారితే ఎప్పుడూ ఒకరు పాతవాళ్లు ఉంటారు. దిగిపోయేవాళ్లు మూడు అప్పగించాలి: దాతల జాబితా, అడ్మిన్ అధికారం, బస్సు చార్జీల కోసం తల్లులు తమలో తాము ఇష్టపడి ఏమైనా డబ్బు పోగేసి ఉంటే లెక్కల పుస్తకం. ఆ డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ ఉండకూడదు, ప్రతి ఖర్చు కింద ఇద్దరి సంతకాలు ఉండాలి.